వందకు నూట ఏడు

ఆళ్లగడ్డలో సుబ్బయ్య బండల అంగట్లోకి కాల్‌క్యులేటర్ అడుగుపెట్టిన పాపాన పోలేదు. గది పొడవూ వెడల్పూ చెప్తే చాలు, ఎన్ని బండలు పడతాయో ఆయన రెప్పపాటులో చెప్పేసేవాడు. అట్లాంటి మనిషికి పక్షవాతం కొట్టింది. నంద్యాల ఆసుపత్రి మంచం మీద మూతి వంకరపోయి కూర్చున్న తండ్రి పక్కనే కూతురు సుష్మ నిలబడింది.

డాక్టరమ్మ శ్రీవాణి మెల్లగా అడిగింది. "సుబ్బయ్యగారూ, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?"

ఆయన తడుముకోలేదు. "నూట ఏడు."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. కొడుకు హరీష్ చెల్లెల్ని వరండాలోకి పిలిచినాడు.

"అయిపాయ సుష్మా. నాయన తల పనిచేయడంల్యా. అంగడి అమ్మేద్దాం. కొంటానని డోన్ ఊరాయన అడుగుతానే ఉండాడు."

"ఒక్క లెక్క తప్పితే అంగడి అమ్ముతావా? పదో తరగతిలో నీకు లెక్కల్లో ఎన్నొచ్చినాయో చెప్పమంటావా అన్నా?"

అనైతే అనింది గానీ ఏడుపు ఆగలేదు. అంగడి లేకుంటే నాయన బతకడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కళ్లు తుడుచుకుంటాంటే తట్టింది. నూట ఏడు! చిన్నప్పుడు అంగడి పుస్తకంలో తన చేత్తో ఎన్నిసార్లు రాసిందో ఆ అంకె. బేతంచెర్ల నుంచి వచ్చే వంద బండల్లో పగిలినవీ పెచ్చులూడినవీ ఏడు తీసేయాల్సి వస్తుంది. ఇల్లు కట్టుకునేవాళ్లకు వంద తక్కువ కాకూడదని నాయన ముందే లారీకి నూట ఏడు ఎత్తమనేవాడు. నలభై ఏళ్లుగా ఆ తలలో తీసేయడమంటే తీసినన్ని మళ్లీ వేయడమే.

ఒక్క పరుగున లోపలికి పోయింది. "నాయనా, పన్నెండుకు పది గది. రెండడుగుల చదరం బండలు. ఎన్ని?"

సుబ్బయ్య చూపు నేల మీదికి దిగింది. బొటనవేలు మంచం అంచున కదిలింది. "పొడుగుకు ఆరు. అడ్డానికి ఐదు. ముప్పై." మాట ముద్దముద్దగా వచ్చింది. "రెండు ఎక్కువెయ్. తెచ్చే దావలో పగుల్తాయి."

సుష్మ సంగతంతా చెప్పినాక డాక్టరమ్మ నవ్వింది. "సరే, బండల మాట పక్కన పెట్టండి పెద్దాయనా. వందలో ఏడు తీసేస్తే మిగిలేది ఎంత?"

సుబ్బయ్యకు కోపమొచ్చింది. "తొంభై మూడు. తొంభై మూడేస్తే ఇల్లు నిండుతాదా తల్లీ?"

గుమ్మంలో నిలబడి విన్న హరీష్ డోన్ ఆయనకు ఫోన్ చేసినాడు. "అంగడి అమ్మేది ల్యాదప్పా," అన్నాడు. "మా నాయన లెక్క చెప్తాండాడు."