రాజక్క ఉతికిన గాలి

చంద్రపూర్‌లో బతికేవాళ్లకు దుమ్ముతో ఒక రాజీ ఉంటుంది. పొద్దున తుడుస్తారు, సాయంత్రానికి మళ్లీ పడుతుంది, సర్లే అనుకుని చాయ్ తాగుతారు. రాజక్క మాత్రం ఆ రాజీకి ఒప్పుకోలేదు. రాజురా దగ్గరి పల్లె నుంచి కోడలిగా ఈ ఊళ్లోని బాబుపేట వాడకు వచ్చిన ముప్పై రెండేళ్లలో ఒక్క పూట కూడా ఒప్పుకోలేదు. మొగుడు లస్మయ్య మాజ్రి బొగ్గు గనుల నుంచి నల్ల దుమ్ము మోసుకొచ్చేవాడు. ఆయన రిటైరయ్యాడు, హమ్మయ్య అనుకునేలోపు కొడుకు వినాయక్‌కు గడ్‌చాందూర్‌లో సిమెంటు పని దొరికి తెల్ల దుమ్ము తేవడం మొదలుపెట్టాడు. ఇక గాలి తెచ్చేది వేరే లెక్క. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? భుజాన తడిగుడ్డ వేసుకుని తిరుగుతుంది.

దానికి తోడు ఆమెకు ఒక పాడు అలవాటు. ఎవరింటికి పోయినా ముందు టీవీ మీద వేలితో ఒక గీత గీస్తుంది. ఆ వేలిని కళ్ల ముందు పెట్టుకుని చూస్తుంది. నోరు తెరిచి ఏమీ అనదు. అనకపోవడమే అసలు తిట్టు. పక్కింటి లక్ష్మీబాయి టీవీ మీద ఇన్నేళ్లలో ఆమె గీసిన గీతలన్నీ కలిపితే వరోరా దాకా రోడ్డు పడుతుంది.

ఆ ఎండాకాలం బాబుపేటలో 'కళా ఫేరీ' అని ఒకటి పెట్టారు. శనివారం సాయంత్రం ఐదున్నరకు జనమంతా ఒకచోట చేరి, నడుచుకుంటూ ఐదు గ్యాలరీలు చూడాలి. టికెట్ లేదు, అంతా ఫుకట్. గ్యాలరీలంటే అద్దాల మేడలు అనుకునేరు. ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం వెనక గది ఒకటి. జిరాక్స్ సెంటర్ మీది హాలు ఒకటి. డ్రాయింగ్ మాస్టారి వరండా ఒకటి. నాలుగోది రాజక్క ఇంటి ముందుగది, ఎందుకంటే కోడలు హేమలత బొమ్మలు వేస్తుంది. ఐదోది మూతపడ్డ పిండి గిర్ని.

నాగపూర్ నుంచి ఓంప్రకాష్ సార్ వస్తున్నాడు. అక్కడ జరిగే పెద్ద ప్రదర్శనకు ఈ ఐదు చోట్ల నుంచి ఒక్కటంటే ఒక్కటి ఎంచుకుపోతాడు. మూడేళ్లుగా ఇలాంటి మాట కోసమే హేమలత కాచుకుని ఉంది. రాజక్కకు బొమ్మల సంగతి తెలియదు గాని కోడలి సంగతి తెలుసు. ఆలోచన తలకెక్కితే అన్నం మరిచిపోయే పిల్ల. ఆ పిల్ల ముఖం వెలిగితే చాలు ఆమెకు. అందుకే సార్ ఇంకా బస్సెక్కకముందే "మా హేమ బొమ్మ నాగపూర్ పోతున్నది" అని వాడంతా టాంటాం వేసింది.

తీరా ఆ బొమ్మేమిటో ఆమె చూడలేదు. నెల రోజులుగా హేమలత డాబా తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది. "పైన పని నడుస్తున్నది అత్తమ్మా, ఎవలూ ఎక్కొద్దు" అంది. మోకాళ్ల నొప్పితో రాజక్క ఎలాగూ ఎక్కదు. శనివారం పొద్దున హేమలత చెక్క చట్రమొకటి జాగ్రత్తగా దించి, ముందుగదిలో గోడకు ఆనించింది. జిరాక్స్ హాలులో దీపాలు కట్టడానికి మనిషి కావాలని ఫోన్ వస్తే చెప్పులేసుకుని పరుగెత్తింది. "జర చూస్కో అత్తమ్మా" అని గుమ్మంలోంచే ఒక కేక.

రాజక్క చూసుకుంది. చూస్తే ఏముంది, చట్రానికి నాడాలతో కట్టిన పెద్ద తెల్ల దుప్పటి. తెల్లది అనడం మర్యాదకే. మీదంతా బూడిద, మసి, అక్కడక్కడ వానచినుకులు పడి ఎండిన చారలు. బొమ్మల వెనక కట్టే తెర కాబోలు అనుకుంది. కోడలు బొమ్మల్ని ఈ మురికి ముందు పెడతదా, సార్ చూస్తే ఈ ఇంట్లో ఆడవాళ్లు లేరనుకోడా? పిల్ల పని ఒత్తిడిలో చూసుకోలేదు, నేనున్నాను కదా. ఆ మాట అనుకున్నప్పుడు ఆమెకు కడుపు నిండినంత సంతోషం కలిగింది.

నాడాలు విప్పింది. ముందు వట్టి నీళ్లలో నానబెట్టి పిండి, ఆ నీళ్లు బకెట్లో పక్కన పెట్టింది. వాడకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, కాబట్టి ఆ ఇంట్లో ఏ నీళ్లూ ఊరికే పోవు. తర్వాత సబ్బు పెట్టి, బండ మీద బాది, జాడించి, చివర్లో నీలిమందు కూడా పెట్టింది. మే నెల ఎండకు అరగంటలో దుప్పటి పెళపెళమంటూ ఆరింది. కొంగపిల్లలా ఉంది. మళ్లీ చట్రానికి కట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచి మురిసిపోయింది.

అప్పుడు చట్రం అడుగున అంటించిన చీటీ కంటపడింది. మరాఠీలో ఉంది. రాజక్క నాలుగో తరగతి దాకా మరాఠీ బడిలోనే చదివింది, కూడబలుక్కుని చదవగలదు. 'ఒక నెల గాలి' అని చదివింది. కింద చిన్న అక్షరాల్లో 'తెల్ల బట్ట మీద దుమ్ము' అని ఉంది. దాని కింద కోడలి పేరు.

మూడుసార్లు చదివింది. మూడుసార్లూ అదే ఉంది.

అంటే బొమ్మ వెనక తెర కాదిది. ఇదే బొమ్మ. నెల రోజులు డాబా మీద ఆరుబయట పెట్టి, చంద్రపూర్ గాలినంతా పట్టించిన బొమ్మ. దాన్ని తాను బండ మీద బాది, నీలిమందు పెట్టింది. హేమ ఇంటికొచ్చి చూస్తే ఏమంటుంది? ఏమీ అనదు, అదే భయం. ఆ పిల్ల మళ్లీ తనను నోరారా అత్తమ్మా అని పిలవదేమో అనిపించి ఆమెకు ఏడుపొచ్చింది.

ఏడిస్తే దుమ్ము రాదు. టైము రెండున్నర. దుమ్ము కావాలి, దోసెడు దుమ్ము. రాజక్క బీరువా మీద చెయ్యి పెట్టి చూసింది. లేదు. ఫ్యాను రెక్కలు, తలుపు పైఅంచు, మంచం కింద. ఎక్కడా చిటికెడు లేదు. తన ఇంటిని తానే తిట్టుకుంది. ఇక మిగిలింది ఒకటే దారి, ఆ దారి పక్కింటికి పోతుంది.

"లక్ష్మీబాయీ, కొంచెం దుమ్ము ఉన్నదా?" అంది గుమ్మంలో నిలబడి, నేల చూపులు చూస్తూ.

లక్ష్మీబాయి ఇరవై ఏళ్లుగా ఈ వాడలో ఉంటూ మరాఠీ కలిపిన తెలుగు నేర్చుకున్న మనిషి. చేటలో బియ్యం పక్కన పెట్టి, చెవులు సరిగ్గా పని చేస్తున్నాయా అన్నట్టు చూసింది. "అగ్గబాయి. ఎంత గావాలె?"

"పెద్ద దుప్పటి నిండ."

రాజక్క జరిగిందంతా చెప్పింది. ఇంకొకరైతే ఈ సమయం చూసుకుని ఇరవై ఏళ్ల గీతలన్నీ ఎత్తి పొడిచేవాళ్లు. లక్ష్మీబాయి ఎత్తి పొడవలేదు. హుందాగా స్టూలెక్కి, బీరువా మీంచి, ఫ్యాను మీంచి, టీవీ వెనక నుంచి ఊడ్చి పళ్లెం నింపింది. "దేవుని ఫొటోల వెనకది ఇంక మంచిగుంటది, తియ్యాల్నా?" అని అడిగింది కూడా. రాజక్క తియ్యమంది. తీసుకున్నదానికి థాంక్స్ చెప్పాలో లేదో తెలియక పళ్లెం పట్టుకుని వచ్చేసింది.

దుప్పటిని నేల మీద పరిచి, పిండి జల్లెడతో సమంగా జల్లింది. బాగానే ఉంది. చట్రాన్ని గోడకు నిలబెట్టగానే దుమ్ము మొత్తం సర్రున జారి గచ్చు మీద పడింది. బట్ట మీద మిగిలినవి రెండు పొడుగు వెంట్రుకలు, ఒక ఉల్లిపొట్టు.

సరిగ్గా అప్పుడే హేమలత వచ్చింది. టైము ఐదు. గచ్చు మీద దుమ్ము, దుమ్ము మధ్య అత్త, అత్త చేతిలో జల్లెడ, వెనక ధగధగలాడే దుప్పటి. ఆ పిల్ల అక్కడే గడప మీద కూలబడింది.

"నేనే ఉతికిన బిడ్డా" అంది రాజక్క. "తెర అనుకున్న. నీ బొమ్మను నా చేతుల్తోనే ఖరాబ్ చేసిన. తిట్టు, ఏమన్న అను."

హేమలత లేచి, దుప్పటి అంచును వేళ్లతో తడిమి చూసింది. తర్వాత నెమ్మదిగా, "నాది గూడ తప్పే అత్తమ్మా. దుమ్ము అని చెప్తే నువ్వు గుడ్డ పట్టుకుని డాబా ఎక్కుతవని చెప్పలే" అంది. అంతలో ఏదో తట్టి అడిగింది. "ఉతికిన నీళ్లు ఏం జేసినవ్?"

"బకెట్ల ఉన్నయ్. ఎందుకు పారబోస్త?"

పెరట్లోంచి నీళ్ల చప్పుడు వినిపించింది. అత్తా కోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒక్క పరుగు తీశారు. మోకాళ్ల నొప్పి ఏమైపోయిందో రాజక్కకే తెలియదు. పెరట్లో లస్మయ్య లుంగీ పైకి కట్టుకుని, ఆ బకెట్లో మగ్గు ముంచి స్కూటరు కడుగుతున్నాడు.

"ఆగు మామయ్యా" అంది హేమలత. "ఎన్ని మగ్గులు పోసినవ్?"

"రెండే. ఎందుకు, నల్లా రాలేదా?"

"రెండు రోజుల గాలి స్కూటర్ మీద పోసినవ్" అంది రాజక్క కోపంగా. లస్మయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ముప్పై రెండేళ్ల కాపురంలో అర్థం కానప్పుడు మగ్గు కింద పెట్టేయడం మంచిదని మాత్రం నేర్చుకున్నాడు.

ఆరున్నరకు కళా ఫేరీ వాళ్ల గుమ్మం ముందుకు వచ్చింది. ముప్పై మందికి పైనే ఉన్నారు. సగం మంది బొమ్మల కోసం, సగం మంది ఫుకట్ కాబట్టి. ముందుగదిలో గోడకు తెల్లగా మెరిసే దుప్పటి కట్టి ఉంది. దాని ముందు ముక్కాలిపీట మీద పాత ప్లాస్టిక్ బకెట్, అందులో సిరాలాంటి నల్లటి నీళ్లు. కింద అదే చీటీ, ఒక నెల గాలి. రాజక్క తలుపు చాటున నిలబడి చమటలు తుడుచుకుంటోంది.

ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. కండువా వేసుకున్న ఒక ముసలాయన భక్తిగా ముందుకొచ్చి తీర్థానికి అరచేయి చాపాడు. ఆయన్ను పక్కకు జరపడానికి ఇద్దరు కావలసి వచ్చింది. ఓంప్రకాష్ సార్ కళ్లద్దాలు పైకి నెట్టి బకెట్లోకి తొంగి చూసి, ఇదేమిటని హేమలతను హిందీలో అడిగాడు.

ఆ పిల్ల నోరు తెరిచేలోపు రాజక్క బయటికొచ్చింది. తప్పు ఒప్పుకోకపోతే ఆమెకు నిద్ర పట్టదు. "తప్పు నాది సాబ్" అని వచ్చీరాని హిందీలో మొదలుపెట్టి, డాబా, తాళంచెవి, నాడాలు, నీలిమందు, పక్కింటి పళ్లెం, స్కూటరు, ఏదీ వదలకుండా చెప్పింది. "నా కోడలు నెల దినాలు కష్టపడ్డది. నేను ఒక్క పూటల ఉతికిన. ఆమె పేరు కొట్టెయ్యకుండ్రి."

జనం నవ్వారు. సార్ నవ్వలేదు. "రోజూ ఇంత నల్లగా వస్తాయా నీళ్లు?" అని అడిగాడు.

"ముప్పై రెండేండ్ల సంది" అంది రాజక్క. "ఈ నీళ్లన్నీ దాచిపెట్టి ఉంటే కొత్త గని తవ్వే పనే ఉండకపోవు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి బకెట్లోకి చూశారు. ఒకామె తన చీర కొంగు పట్టుకుని చూసుకుంది. ఐదో గ్యాలరీకి పోవాలన్న మాటే మరిచిపోయి గదిలోనే నిలబడ్డారు.

నాగపూర్‌కు ఇదే పోతుందని సార్ తేల్చేశాడు. కాకపోతే బకెట్ బస్సులో పోదు. అందుకని ఇంకో తెల్ల దుప్పటి ఇంకో నెల డాబా మీద పెట్టి తేవాలి. దాన్ని అక్కడ, జనం ముందు, రాజక్క ఉతకాలి. చీటీ మీద రెండు పేర్లుండాలి.

"బట్టలు ఉతికేతందుకు నాగపూర్ దాక పోవాల్నా?" అంది రాజక్క. హేమలత ఆమెను గట్టిగా పట్టుకుని నవ్వింది, ఏడ్చింది, "అవును అత్తమ్మా" అంది. ఆ పిలుపు చెవిన పడ్డాక రాజక్క నాగపూర్ కాదు, ఎక్కడికైనా పోయేదే.

మొదటి వారం ఆమె సరిగ్గా అన్నం తినలేదు. డాబా మీద దుమ్ము పడుతున్న దుప్పటి ఉందని తెలిసి కూడా ముట్టుకోకుండా ఉండడం చిన్న విషయమేం కాదు. మెట్ల దగ్గరికి పోయేది, చేతులు వెనక్కి కట్టుకునేది, తిరిగి వచ్చేది. రెండో వారం లక్ష్మీబాయి చక్కెర అడగడానికి వచ్చింది. అడుగుతూ అడుగుతూ రాజక్క టీవీ మీద వేలితో ఒక గీత గీసింది. వేలిని కళ్ల ముందు పెట్టుకుని చూసి, ఉలిక్కిపడింది. వేలు నల్లగా ఉంది.

పక్కనే ఉన్న తడిగుడ్డ అందుకోబోయింది.

"తుడువకు లక్ష్మీబాయీ" అంది రాజక్క, కళ్లు మూసుకుని. "అలవాటు చేసుకుంటున్న."