రాని ముట్టుకు మూడు రోజులు

మిట్టమధ్యాహ్నం ఎండకు రేకులు కాలిపోతున్నాయి. కింద కొట్టంలో నవనీత ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ముట్టయిన ఆడవాళ్లు మూడు రోజులు దూరంగా కూర్చోవడానికి ఇంటి వెనక వేసిన కొట్టం అది. ఆ మూడు రోజులూ గడప తొక్కకూడదు, అన్నం గిన్నె తాకకూడదు. బీడీలు మాత్రం చుట్టవచ్చు. మైల అన్నానికే అంటుతుంది గానీ పైసలకు అంటదు మరి.

నిజానికి నవనీతకు ముట్టు కాలేదు. నాలుగు నెలలుగా రావడం లేదు. అయినా నెలనెలా చాప చంకన పెట్టుకుని తనే వచ్చి ఇక్కడ కూర్చుంటోంది.

భర్త సతీశ్ పోయి రెండేళ్లయింది. మొగుడు లేని ఆడదానికి నెల తప్పిందంటే వాడకట్టు ఊరుకుంటుందా? కుండ మూతికి మూకుడు పెట్టవచ్చు, ఊరి మూతికి ఏం పెడతాం? ఆ రెండేళ్లలో ఆమె భుజం మీద చేయి వేసి పలకరించిన మనిషే లేదు. నింద వేయడానికి మాత్రం అందరూ ఉన్నారు.

జుట్టు ఊడుతోంది. ఎండలోనూ చలేస్తోంది. ఒకసారి సిద్దిపేట దవాఖానకు పోయింది. మూత్ర పరీక్షకని నర్సు డబ్బా చేతికిచ్చేసరికి వరసలో పక్కింటామె కనబడింది. డబ్బా అక్కడే పెట్టి వచ్చేసింది.

ఈ పొద్దున ఆశా కార్యకర్త సుచిత్ర వచ్చి ఆమె ముఖం చూసి ఆగింది. నవనీత మొదటిసారి ఒకరితో చెప్పుకుంది.

“కడుపొక్కటే గాదక్కా,” అంది సుచిత్ర. “థైరాయిడ్ ఉన్నా ఆగుతది. సరిగ తినకున్నా, మనసుల రంది పెట్టుకున్నా ఆగుతది. కొందరికి చిన్న వయసుల్నే నిలిచిపోతది. మూడు నెలలు రాకుంటే సూపెట్టుకోవాలె, నీకు అది గూడ దాటింది. ఆ కడుపు పరీక్ష ముందుగాల అందరికి చేస్తరు, నీ మీద అనుమానంతోని గాదు. రేపు నేను తీస్కపోత. మీ అత్తకు చెప్పు.”

ఆ చెప్పడమే కొండంత పని.

అత్త అంజమ్మ అన్నం పళ్లెం తెచ్చి దూరంగా నేల మీద పెట్టింది. నీళ్లు ఎత్తి పోయాలి గనక చెంబు చేతిలోనే ఉంచుకుంది. అంజమ్మ చెడ్డది కాదు. కోడలికి చారు చల్లారనివ్వదు. కాకపోతే ఆ దూరం ఎప్పుడూ దాటలేదు.

“అత్తా, నాకు ముట్టు కాలే.”

“ఏందే?”

“నాలుగు నెలల సంది వస్తలేదు. నువ్వేమంటవోనని ఉత్తగనే కూసుంటున్న. నా పానం బాగలేదు. రేపు దవాఖానకు పోత.”

అంజమ్మ చూపు కోడలి ముఖం మీద నుంచి కడుపు మీదికి దిగింది. ఆ చూపుకు భయపడే నవనీత ఇన్నాళ్లూ ఇక్కడ దాక్కుంది. ఇప్పుడది తగిలింది. అయినా మనిషి పడిపోలేదు.

“ఎవ్వలతోని అనకు,” అంది అంజమ్మ గొంతు తగ్గించి. “ఈ మూడు దినాలు ఈడనే కూసో.”

“కూసోను.”

నవనీత చాట పక్కన పెట్టి, పళ్లెం తీసుకుని, అత్త పక్క నుంచే ఇంట్లోకి నడిచింది. వంటింట్లో పీట వేసుకుంది. గిన్నె మూత తీసి తన చేత్తోనే ఇంకొంచెం అన్నం పెట్టుకుంది.

అంజమ్మ చెంబు పట్టుకుని గడప బయటే నిలబడిపోయింది. లోపలికి రావచ్చో లేదో ఆమెకు తోచడం లేదు.