బొంబాయి నుంచి దుబాయికి మూడు గంటలు

సిరిసిల్ల నుంచి బొంబాయికి బస్సులో ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. అక్కడి నుంచి దుబాయికి పన్నెండు వందల మైళ్లు, విమానంలో మూడే గంటలని ఏజెంటు చెబితే నమ్మలేదు. నాలుగో తరగతిలో బడి మానేసినా, ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య బతికినవాణ్ణి. మూడు గంటలంటే ఒక మరమగ్గం మీద పన్నెండు మీటర్ల బట్ట దిగుతుంది. అంతలో సముద్రం దాటుతారా?

అతను చెప్పిన రెండో మాట మాత్రం నమ్మాను.

"కంపెనీ మనిషి పన్నెండు గంటల దాకనే దుబాయి ఏర్‌పోర్టు గేటు కాడ ఉంటడు. నువ్వు కనవడకుంటే నీ జాగల ఇంకొకన్ని పెట్టుకుంటరు, కైలాసం."

అది సిమెంటు మోసే పని. ఆ పని కోసం ఉన్న రెండు మగ్గాలూ అమ్ముకున్నాను.

ఎనిమిదింటికి లేవాల్సిన విమానం పదింటికి లేచింది. లెక్క వేసుకున్నాను. దిగేసరికి ఒంటిగంట. నా బతుకులో ఏది మాత్రం వేళకు వచ్చింది గనుక!

అయినా కిటికీలోంచి చూపు తిప్పుకోలేకపోయాను. కింద సముద్రం, గంజి పెట్టి ఆరేసిన పడుగులా ముడత లేకుండా పరుచుకుని ఉంది. చివర ఎక్కడా కనిపించలేదు. ఓడ ఒకటి గోరంత ఉంది. మేము కదులుతున్నట్టే లేదు.

నా గడియారం పన్నెండు దాటింది. కింద ఇంకా నీళ్లే.

"ఇగ దిగుడెందుకు? గిదే విమానంల మళ్ల పోత," అన్నాను.

పక్క సీటులో ఉన్నది జగిత్యాల హనుమండ్లు. నాకన్నా పెద్దవాడు, రెండోసారి వెళ్తున్నాడు. అప్పటిదాకా కునుకు తీస్తున్నవాడు కళ్లు తెరిచాడు.

"ఏమైంది తమ్మీ? గట్లెందుకు పరేషానైతున్నవ్?"

చెప్పాను. అతను కడుపు పట్టుకుని నవ్వాడు.

"నీ గడియారం ఇంక సిరిసిల్లలనే ఉన్నది! గీడ పొద్దు ఎనుక లేస్తది. మన కాడ ఒంటిగంటైతే దుబాయిల పదకొండున్నర."

"నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా, అన్నా?"

"నేనెందుకు చేస్త? పొద్దును చూడు. నడినెత్తికొచ్చిందా?"

రెక్క మీద పడుతున్న వెలుగు చూశాను. ఎండ ఏటవాలుగానే ఉంది. మేము పడమటికి పరుగెత్తుతుంటే, పొద్దు మాతో పాటు నెమ్మదిగా నడిచి వస్తున్నట్టుంది. ఎవడి జేబులోంచీ లాగకుండా, నేను ఎవడి కాళ్లూ పట్టకుండా, ఆకాశం నాకు గంటన్నర ఇస్తోంది.

అయినా పూర్తిగా నమ్మలేదు. దిగాక గోడ గడియారం చూశాను. పదకొండూ ముప్పై అయిదు. వరుసలో పావుగంట నిలబడి పరుగున గేటు దగ్గరికి వెళ్లాను. కంపెనీ మనిషి కాగితం మీద నా పేరు వెతికి టిక్కు పెట్టాడు. నేను రొప్పడం చూసి, ఇంకా వేళ ఉందంటూ నవ్వాడు.

"అభీ టైమ్ హై, భాయ్. చాయ్ పీతే?"

సిరిసిల్లలో ఎప్పుడో అయిపోయిన పన్నెండు గంటల కోసం, చాయ్ తాగుతూ ఎదురుచూశాను.