పగటి డ్యూటీ

ఆయన డ్యూటీ బట్టలు విడిగా ఉతకాలి. పాప గౌన్లతో, దుప్పట్లతో కలపకూడదు. నైలాన్ అసలు తగలకూడదు. నైలాన్ బట్ట రాసుకుంటే పుట్టేపాటి రవ్వ కూడా చాలట, ప్లాంటులోని హైడ్రోజన్ భగ్గుమనడానికి. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ నీలం చొక్కా నానబెట్టేముందు బకెట్లో ఇంకేమైనా ఉందేమోనని రెండుసార్లు చూస్తాను. భయమేస్తోందని ఒకసారి ఆయనతో అంటే నవ్వేశారు. "నువ్వు ఉతికే నాలుగు గుడ్డల మీద ప్లాంటు నడుస్తోందనుకుంటున్నావా?"

ప్లాంటంటే పెద్దదేం కాదు. మా వీధి చివర ప్రహరీ, లోపల షెడ్డు, తెల్లటి ట్యాంకులు. పగలు ఎండకు పుట్టిన కరెంటులో వాడుకోగా మిగిలిన దానితో నీళ్ళను విడగొట్టి, హైడ్రోజన్ తీసి దాచిపెడతారు. పొద్దుగుంకాక దాన్ని బీరువా అంత టర్బైన్‌లో మండిస్తే మా చుట్టుపక్కల ఇళ్ళకూ ఆసుపత్రికీ కరెంటు. పొగ లేదు, మసి లేదు. ఇవేవీ నాకు ఆయన చెప్పినవి కావు. భోజనాల దగ్గర వాళ్ళమ్మకు చెబుతుంటే వడ్డిస్తూ విన్నవి.

"దానికి వాసనుండదమ్మా. మంట కూడా పగలు కంటికి ఆనదు. దగ్గరికెళ్తే గానీ కాలుతున్నట్టు తెలీదు."

"అయితే మీ ఆవిడ కోపం లాంటిదేరా," అంది అత్తయ్య. ఇద్దరూ పొలమారేలా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అదిగో కోపం అంటారు.

నాకు కోపం కంటే భయమెక్కువ. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. పాలు వేడిగా ఉన్నాయేమోనని భయం, చల్లారిపోయాయేమోనని భయం. సాయంత్రం టర్బైన్ మొదలైతే కిటికీ అద్దం సన్నగా అదురుతుంది. అత్తయ్య టీవీ గొంతు పెంచుతుంది. నేను పాపను ఎత్తుకుని ఆ రొద వింటూ నిలబడతాను. ఆయనది సాయంత్రం డ్యూటీ; అక్కడే, కేకేస్తే వినిపించేంత దూరంలో ఉంటారు. అయినా ఇంటికొచ్చాక "అన్నీ బానే ఉన్నాయా?" అని అడిగితే, "చెప్పినా నీకు అర్థం కాదులే" అంటారు. నాకు అర్థం కావలసింది ఆ యంత్రం కాదు. ఎవరితోనో ఒకరితో నాలుగు మాటలాడితే బాగుండుననిపిస్తుంది, అంతే. రోజు మొత్తంలో నేను ఎక్కువసేపు మాట్లాడేది ఇంకా మాటలు రాని పాపతోనే.

మొన్న ఆయన చొక్కా జేబు చిరిగితే లోపలివైపు, ఎవరికీ కనబడకుండా, పాపకు పొట్టయిపోయిన గౌను ముక్క వేసి కుట్టాను. హడావుడిలో అది నైలాన్ అన్న సంగతి తోచనే లేదు. ప్లాంటులో ప్రమాదాలు జరక్కుండా చూసే సేఫ్టీ మేడమ్ గేటు దగ్గర జేబు తిరగేసి చూసి వెనక్కి పంపించేసిందట. ఆయన వచ్చి ఆ చొక్కాను నా ముందుకు విసిరారు.

"అందరి ముందూ నా పరువు తీశావు. చదువు సగంలో ఆపేసినదాన్ని చేసుకుంటే ఇట్లాగే ఉంటుంది."

ఆపింది నేనా? కాలేజీలో చేరిన ఏడాదే పెళ్ళి. పరీక్షలు రాస్తానంటే, "ఇప్పుడు రాసి ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నదెవరు? ఇవన్నీ లోపలే అనుకున్నాను. పాత జత తీసిచ్చాను. ఆయన వెళ్ళిపోయారు. ఉద్యోగం పోతుందేమో, నావల్లే పోతుందేమో అన్న దిగులుతో ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున ఆయన నిద్ర లేవకముందే పాపను చంకనేసుకుని వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. సేఫ్టీ మేడమ్ వచ్చింది. చెంపల దగ్గర నెరిసిన జుట్టు, మెడలో ఈల.

"ఆ జేబు కుట్టింది నేనండీ. తప్పు నాది, ఆయనది కాదు. ఉద్యోగం తీసెయ్యకండి."

"ఉద్యోగమెందుకు పోతుందమ్మా? కొత్త జత ఇచ్చేస్తాం."

ప్రాణం కుదుటపడింది. అక్కడితో వచ్చెయ్యాల్సింది. నోరు ఊరుకోలేదు. ఊడిన గుండీ ఏ దారంతో కుట్టాలి? పాప గౌను నైలానయితే, ఎత్తుకుని ముద్దాడాక ఆయన చొక్కా మార్చుకోవాలా? ట్యాంకు కారితే వాసన రాదు కదా, మరి మా ఇంటిదాకా వస్తే తెలిసేదెట్లా?

ఆవిడ ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. "ఇన్ని సందేహాలు నా మనుషుల్లో ఒక్కడికీ రాలేదు," అంది.

"సందేహాలు కావండీ. భయం."

"ఇక్కడ కావలసింది అదేనమ్మా. నాకు తలనొప్పంతా ధైర్యవంతులతోనే. గ్యాసు కారుతోందని మీటరు ఎర్రగా చూపిస్తున్నా, ఏం కాదులెండి మేడమ్ అంటారు." పాప పట్టుకోబోయిన ఈలను వెనక్కి వేసుకుంది. "పగటి డ్యూటీకి మీ వీధి ఆడవాళ్ళకు నేర్పిస్తామని అందరికీ కబురు చేశాను. పది పాసైతే చాలు. మీ ఆయన మీకు ఇష్టం లేదన్నారే?"

నా ఇష్టం నాకంటే ముందే గేటు దాకా వచ్చి, లేదని చెప్పి వెళ్ళిపోయిందన్నమాట.

"నన్నెవరూ అడగలేదండీ," అన్నాను. తర్వాత, ఇది నా గొంతేనా అనుకుంటూ, "సోమవారం రానా?" అన్నాను.

ఇంటికొచ్చేసరికి ఆయన పళ్ళు తోముకుంటున్నారు. జరిగింది చెప్పాను.

"నీడ చూసి జడుసుకుంటావు, నువ్వు ప్లాంటులో పని చేస్తావా? నీ మంచికే వద్దన్నాను," అన్నారు. నేను పాపను కింద కూర్చోబెట్టి పాలసీసా కడగబోతుంటే, "సరే, పాపనెవరు చూస్తారు?" అంటూ వాళ్ళమ్మ వైపు తిరిగారు.

"నా వంక చూడకు. ఈ నడుంతో దాన్ని రోజంతా మొయ్యడం నావల్ల కాదు," అంది అత్తయ్య.

"మీరు సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంటారుగా. నేను తిరిగొచ్చాకే మీ డ్యూటీ," అన్నాను.

"నేనా?" అన్నారు, పక్కింటాయన్ని పిలవబోయి తనను పిలిచానేమోనన్నట్టు.

"వాడికి పాలసీసా మూతెటు తిప్పాలో కూడా తెలీదే," అంది అత్తయ్య.

"నాకూ తెలీదు అత్తయ్యా. అది పుట్టాక నేర్చుకున్నాను."

పాలసీసా తీసి ఆయన చేతిలో పెట్టాను. సోమవారం నుంచి నేను గేటు బయటికొచ్చే వేళకు ఆయన లోపలికి వెళ్ళడానికి వస్తారు. ఆయన చేతుల్లోంచి పాపను అందుకుంటాను. ఎలా ఉంది, ఏం తాగింది, ఏడ్చిందా అని అడుగుతాను, ఆయన చెబుతారు. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళుండి, మేమిద్దరం ఆ పాటి మాట్లాడుకోవడం అదే మొదటిసారవుతుంది.