కుడిచెవి ఎర్రచుక్క

నేను ఒక చెవి అచ్చును. నా రూపం కుదురుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. అందులో మూడో నిమిషంలో మంచి కబురు వచ్చింది.

సికింద్రాబాద్‌లో చెవి మిషన్లు అమ్మే ఒక చిన్న కొట్టు. కుర్చీలో హైమ కూర్చుని ఉంది. రెండు చెవుల్లోనూ గులాబిరంగు ముద్ద. దాన్ని కొట్టు యజమాని రజాక్ గారు అప్పుడే చపాతీ పిండిలా పిసికి, సూది లేని లావుపాటి సిరంజిలో కూరి, చెవుల్లోకి నింపారు. అది గట్టిపడేదాకా దవడ కదపకూడదు, నవ్వకూడదు. సరిగ్గా అప్పుడే ఒళ్ళో ఉన్న ఫోను వణికింది. హైమను కెప్టెన్ పదవికి ఎంపిక చేశారనీ, మూడు వారాల శిక్షణ తర్వాత పరీక్ష ఉంటుందనీ కంపెనీ కబురు పంపింది. నాలుగేళ్ళుగా కుడివైపు సీట్లో కోపైలట్‌గా కూర్చున్న మనిషి ఇక ఎడమవైపు సీట్లోకి మారబోతోంది. ఆమె నవ్వేసింది.

రజాక్ గారు నెత్తి కొట్టుకున్నారు. ముద్ద బయటికి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. మళ్ళీ చేద్దామా అని ఆలోచించి వద్దనుకున్నారు. పైలట్ అంటే రోజంతా మాట్లాడే మనిషి, నవ్వు మీద కొలత తీస్తే నోరు కదిలినా జారదు అని తనకు తానే సర్దిచెప్పుకున్నారు. ఆ ముద్దకు మైనం పట్టించి, మూస పోసి, మూసలో మెత్తటి సిలికాన్ నింపి నన్ను తీశారు. చిటికెనవేలి మొదటి కణుపంత ఉంటాను. నా వంపులో హైమ నవ్వు ఉంది. ఇంత గొప్ప పుట్టుక ఎన్ని వస్తువులకు ఉంటుందో చెప్పండి.

నా మీద ఎర్రచుక్క పెట్టారు. నాతోపాటు పుట్టిన తమ్ముడి మీద నీలంచుక్క పెట్టారు. విమానం నడిపేవాళ్ళు తలకు తగిలించుకునే తేలికపాటి హెడ్‌సెట్‌కు రెండు చివరలా మమ్మల్ని బిగిస్తారు. ఇంజను మోతను గుమ్మం బయటే నిలబెట్టి, రేడియోలో వచ్చే మాటను మాత్రం లోపలికి పంపడం మా ఉద్యోగం. ఎవరి చెవి కోసం పుట్టామో ఆ చెవికి తప్ప లోకంలో మరెవరికీ పనికిరాము.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. రజాక్ గారు తన కొట్టుకు వచ్చే ప్రతి మనిషికీ ఒక మాట చెబుతారు. ఆ రోజూ చెప్పారు. "ఎర్రచుక్క కుడికి, నీలంచుక్క ఎడమకు. యాద్ పెట్టుకో అమ్మా." అయితే ఆ మాట చెప్పింది ముద్ద గట్టిపడుతున్నప్పుడు. ముప్పై ఏళ్ళుగా వినపడనివాళ్ళ మధ్య బతుకుతున్న ఆ పెద్దమనిషికి, చెవులు మూసి ఉన్న మనిషితో మాట్లాడుతున్నానన్న సంగతి తట్టలేదు. హైమ కళ్ళు ఫోను మీద ఉన్నాయి. ఆయన పెదవులు కదలడం చూసి మర్యాదగా తల ఊపింది. ఆయన సంతృప్తిగా లోపలికి వెళ్ళిపోయారు.

ఆకాశంలో అయితే ఇలా కుదరదు. కింద నుంచి కంట్రోలర్ ఏం చెప్పినా పైలట్ దాన్ని తిరిగి చెప్పాలి. ఎత్తు చెబితే ఎత్తు, దిక్కు చెబితే దిక్కు. తల ఊపితే రేడియోలో కనపడదు కదా. గాలిలో ప్రతి అంకెనూ అంత శ్రద్ధగా తిరిగి చెప్పే హైమ, నేల మీద ఒక్క మాటకు తల ఊపి ఊరుకుంది.

వారం తర్వాత మేము చిన్న డబ్బాలో మారేడ్‌పల్లిలో వాళ్ళింటికి చేరాం. హైమకు పెళ్ళై అప్పటికి రెండు నెలలు. ఇల్లంతా కొత్త వాసన. విప్పని గిఫ్టు ప్యాకెట్లు బీరువా మీద ఇంకా ఉన్నాయి, ఒకే రకం గోడగడియారాలు మూడు వరసగా టిక్కుటిక్కుమంటున్నాయి. భర్త సుహాస్ జీడిమెట్లలో ఒక బిస్కెట్ల కంపెనీ ల్యాబులో పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికి వస్తే అతని చొక్కా యాలకుల వాసన వేస్తుంది. ఆ వాసన కోసం హైమ తలుపు దగ్గరే నిలబడటం నేను చాలాసార్లు చూశాను. అత్తగారు వకుళమ్మ గారు రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఊళ్ళకు ఊళ్ళను కలిపారు. ఇప్పుడు ఆమె రెండు చెవులకూ మిషన్లు. రజాక్ గారి కొట్టు చూపించింది ఆవిడే.

డబ్బా తెరిచి హైమ నన్ను చేతిలోకి తీసుకుంది. ఎర్రచుక్క చూసింది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఎడమ చెవిలో పెట్టుకుంది.

ఆమెను తప్పు పట్టలేను. విమానానికి ఎడమ రెక్క చివర ఎర్రదీపం ఉంటుంది, కుడి రెక్క చివర పచ్చదీపం. పైలట్లకు ఎరుపంటే ఎడమ. అది చదువుకున్న సంగతిలా కాక, అన్నం కలిపే చెయ్యిలా అలవాటైపోతుంది. చెవిమిషన్ల వాళ్ళ లోకంలో ఎరుపంటే కుడి. ఈ రెండు లోకాలూ నా ఒంటిమీద ఉన్న ఆవగింజంత చుక్క దగ్గర ఢీకొన్నాయి.

మేము చెవి బయట పరుచుకునే రకం కాదు, దారిలోకి దూరే చిన్నరకం. అందుకే కొంచెం తిప్పి నొక్కితే ఎడమ చెవిలోనూ దూరాను. కానీ నా వంపు ఒకవైపు, ఆ దారి ఒంపు మరోవైపు. ఒకచోట ఒత్తుకుంటాను, ఇంకోచోట సందు వదులుతాను. నొప్పి ఒకటి, మోత లోపలికి రావడం ఒకటి. హైమ అద్దంలో చూసుకుని, కొత్తవి కదా, అలవాటు పడాలి అనుకుంది.

ఆ రెండు నెలల్లో ఆమె ఆ మాట చాలా వాటికి అనుకుంది. కొత్త ఇంటి గీజరు స్విచ్చుకు, అత్తగారి మెంతిపులుసుకు, మంచానికి అటువైపు పడుకోవడానికి, అన్నిటికీ. చాలా వాటికి నిజంగానే అలవాటు పడింది, సంతోషంగా పడింది. అందుకే చెవినొప్పి కూడా ఆ వరసలోదే అనుకుంది. మనుషుల్లో ఇదొక వింత. ఓర్చుకోవలసినవి ఏవో, సరిచేసుకోవలసినవి ఏవో వాళ్ళు ఒకే సంచిలో వేసుకుంటారు.

శిక్షణ మొదలైంది. హైదరాబాద్ నుంచి కడపకు, రాజమండ్రికి తిరిగే రెండు పంకాల చిన్న విమానం. ఆ పంకాల మోత పళ్ళలోకి పాకుతుంది. శిక్షణ ఇచ్చే కెప్టెన్ దొరైరాజ్ తెల్లమీసాల మనిషి, తక్కువ మాట్లాడతారు. మొదటివారంలో హైమ కంట్రోలర్‌ను మళ్ళీ చెప్పమని రెండుసార్లు అడిగింది. రెండోవారానికి అది రోజుకు ఏడెనిమిది సార్లయింది. ఒకసారి ఐదువేల అడుగులకు దిగమంటే తొమ్మిదివేలని తిరిగి చెప్పింది. కంట్రోలర్ సరిదిద్దాడు, ప్రమాదమేమీ జరగలేదు. తిరిగి చెప్పే అలవాటు ఉన్నది అందుకే. కానీ దిగాక దొరైరాజ్ గారు కాగితం మీద ఒక వాక్యం రాసి ఆమె చేతిలో పెట్టారు. పరీక్షకు ముందు చెవులు చూపించుకోవాలని. అప్పటికి పరీక్ష నాలుగు రోజుల్లో ఉంది.

ఆ కాగితాన్ని ఆమె మడిచి మా డబ్బాలోనే పెట్టింది. అది నా మీదే ఉంది, కాబట్టి దాని బరువెంతో నాకు తెలుసు. చెవులు పోతే కెప్టెన్ సీటు మాత్రమే కాదు, ఏ సీటూ ఉండదు. ఎదురుగా ముప్పై ఏళ్ళ హెడ్‌ఫోను మోతకు చెవులు పోగొట్టుకున్న మనిషి అదే ఇంట్లో కాఫీ తాగుతోంది. హైమ ఆవిడను చూసేది, చూపు తిప్పుకునేది. సుహాస్‌కు చెప్పలేదు. అతను ఆ వారమంతా తెచ్చిన కొత్త జీలకర్ర బిస్కెట్లను బాగున్నాయంటూ తిన్నది, ట్రైనింగ్ ఎలా ఉందంటే తల ఊపింది.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం మూడింటికి హైమ వంటింట్లో తలుపు దగ్గరగా వేసి, మమ్మల్ని చెవుల్లో పెట్టుకుని, హెడ్‌సెట్‌ను ఫోనుకు కలిపి, కంట్రోలర్ మాటల రికార్డింగు పెట్టింది. విమానం మోత కోసం మిక్సీ ఆన్ చేసింది. మాట సరిగా వినపడలేదు. మిక్సీని రెండో నంబరుకు తిప్పింది. ఏమీ వినపడలేదు. అలాగే గట్టుకు ఆనుకుని నిలబడిపోయింది. నా గోడలకు ఆమె నాడి కొట్టుకోవడం తగులుతోంది.

తలుపు తెరుచుకుంది. వకుళమ్మ గారు జార్‌లోకి తొంగిచూశారు. పెదవులు కదిలాయి. హైమ తల ఊపింది.

వకుళమ్మ గారు వెళ్ళి మిక్సీ ఆపారు. "ఖాళీ మిక్సీ ఎందుకమ్మా తిప్పుతున్నావని అడిగాను. ఔనని తలూపావు."

వకుళమ్మ గారు ఇంకా దగ్గరికి వచ్చారు.

"ఆ తలూపుడు నాకు తెలుసు. వినపడనప్పుడు నేనూ అలాగే ఊపుతాను."

హైమ కళ్ళు నిండాయి. కాగితం సంగతి, తొమ్మిదివేల అడుగుల సంగతి, అన్నీ బయటికొచ్చాయి. మీలాగే అయిపోతానేమోనని భయమేసింది అత్తయ్యా అని కూడా అనేసింది, అన్నాక నాలుక్కరుచుకుంది. వకుళమ్మ గారికి కోపం రాలేదు. ఆవిడ చూపు కోడలి ఎడమ చెవి మీద ఆగిపోయి ఉంది.

"ఎర్రచుక్క కుడిచెవికి కదా. ఎడమ దాంట్లో పెట్టుకున్నావేవిటి?"

"ఎడమ రెక్కకే కదా అత్తయ్యా ఎర్రదీపం."

"మీ విమానానికి చెవులుంటే అలాగే పెడుదువుగానిలే. ముందు నీ చెవులకి సరిగ్గా పెట్టుకో." ఆవిడ తన కుడిచెవి మిషను తీసి చూపించారు. దాని మీద నాలాంటిదే ఎర్రచుక్క, వాడి వాడి రంగు వెలిసి ఉంది.

హైమ మమ్మల్ని మార్చి పెట్టుకుంది. రెండు వారాలు దాటాక నేను మొదటిసారి నా ఇంట్లోకి అడుగుపెట్టాను. ప్రతి మలుపూ నాకు తెలిసిన మలుపే. వకుళమ్మ గారు మిక్సీని నేరుగా మూడో నంబరుకు తిప్పారు. ఎక్కడో దూరంగా తుమ్మెద తిరుగుతున్నట్టు చప్పుడు. దాని మీదుగా కంట్రోలర్ గొంతు, పక్కన కూర్చుని చెబుతున్నంత స్పష్టంగా. హైమ వంటింటి నేలమీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు ఆమె దవడ ఎటు కదిలితే అటు నేనూ కదిలాను. ఎక్కడా సందు పడలేదు. మిక్సీ మాత్రం కాలిన వాసన వేసి ఆగిపోయింది. పెళ్ళికొచ్చిన మిక్సీలు ఇంకా రెండున్నాయి కాబట్టి ఎవరూ బాధపడలేదు.

అయినా మర్నాడు వెళ్ళి డాక్టరు చేత చెవులు పరీక్ష చేయించుకుంది. లోపమేమీ లేదని రాసిచ్చారు. రాత్రి భోజనాల దగ్గర సుహాస్‌కు అంతా చెప్పింది. అతను మూతి ముడిచాడు. ఇన్నాళ్ళూ తనకెందుకు చెప్పలేదని కాసేపు అన్నం కెలికాడు.

"ఇంకా ఏమైనా దాచావా?" అన్నాడు.

హైమ కొంచెం ఆలోచించింది. "మీ జీలకర్ర బిస్కెట్టు బాగాలేదు."

సుహాస్ తల్లివైపు చూశాడు. ఆవిడ వినపడనట్టు పప్పు వడ్డించుకున్నారు.

పరీక్ష రోజున రాజమండ్రి దగ్గర వాన. చినుకులు విమానం ముక్కు మీద కంకరరాళ్ళలా పడుతున్నాయి. ఎడమ సీట్లో హైమ, కుడి సీట్లో పరీక్షించే దొరైరాజ్ గారు. దిగే దారి సగంలో ఉండగా కంట్రోలర్ గాలి మారిందని చెప్పి, రన్‌వేకు రెండో వైపు నుంచి రమ్మన్నాడు. ఆ మాట నాలోంచి ఒక్క అక్షరం పోకుండా వెళ్ళింది. విమానం నడిపేది హైమ కాబట్టి రేడియోలో మాట్లాడవలసిన దొరైరాజ్ గారు మైకు నొక్కబోయి ఆగారు. ఏమన్నాడన్నట్టు ఆమె వైపు చూశారు. హైమ పదం పదం చెప్పింది. ఆయన దాన్నే కంట్రోలర్‌కు తిరిగి చెప్పారు. సరిగ్గా ఉందన్నాడు కంట్రోలర్. విమానం తడిసిన రన్‌వే మీద మెత్తగా వాలింది.

దిగాక ఆయన కాగితం మీద సంతకం పెట్టి, కెప్టెన్ అని పిలిచి చెయ్యి కలిపారు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చారు. ఆ చెవి అచ్చులు చేసినతని అడ్రసు కావాలన్నారు. ఒక స్నేహితుడి కోసమట. హైమ రాసిచ్చింది. ఆ స్నేహితుడెవరని అడగలేదు, తల ఊపింది. అన్ని తల ఊపుళ్ళూ ఒకటి కావని నాకు అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం ఇంట్లో పండగ. సుహాస్ బిస్కెట్లలో జీలకర్ర తగ్గించి వాము వేసి తెచ్చాడు, అవి నిజంగానే బాగున్నాయట. నేను సబ్బునీళ్ళ స్నానం చేసి, తువాలు మీద తమ్ముడి పక్కన ఆరుతున్నాను. మా పక్కనే వకుళమ్మ గారి మిషన్ల అచ్చులు. ఎనిమిదేళ్ళ వయసువి, పసుపు తిరిగి గట్టిపడి ఉన్నాయి. అవి చెవిలో నిలవడం మానేసి ఏడాది దాటిందనీ, అప్పటినుంచి సగం మాటలకు ఊరికే తల ఊపుతున్నాననీ ఆవిడ మెల్లగా ఒప్పుకున్నారు. ముందు పెళ్ళి పనులనీ, తర్వాత కొత్తగా వచ్చిన కోడలిని ఇబ్బంది పెట్టడమెందుకనీ చెప్పలేదట. వాటిని చూస్తే రేపటి నేను కనిపించాను. మేమూ ఒకరోజు గట్టిపడతాం, ఆ చెవికీ పనికిరాకుండా పోతాం. ఒక మనిషి నవ్వుకు సరిపడా ఒంపుతో ఇంతకాలం బతికామంటే చాలనిపించింది.

వకుళమ్మ గారు మిషన్లు పెట్టుకున్నారు. హైమ వెళ్ళి ఆవిడకు ఎదురుగా కూర్చుంది.

"రేపు పదింటికి రజాక్ గారి కొట్టుకు వెళుతున్నాం అత్తయ్యా. రెండు చెవులకూ కొత్త కొలతలు. చెప్పాల్సిందంతా ముద్ద పెట్టకముందే చెప్పమందాం."

వకుళమ్మ గారు తల ఊపారు.

హైమ కదలలేదు. "తిరిగి చెప్పండి," అంది.

వకుళమ్మ గారు కోడలిని ఒక్క క్షణం చూశారు. తర్వాత వీపు నిటారుగా పెట్టి, కుర్చీలో సర్దుకుని, రాజమండ్రి ఎక్స్‌చేంజ్‌లో ముప్పై ఏళ్ళు మోగిన గొంతుతో ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు.

"రేపు. పదింటికి. రజాక్ గారి కొట్టు. రెండు చెవులూ." కొంచెం ఆగి, నవ్వు ఆపుకుంటూ అన్నారు. "లైను కలిపాను, మాట్లాడండి."