బయట ఉన్న మూడు సాయంత్రాలు

చూసినదాన్ని చూడలేదని అనకుండా, చూశానని కూడా చెప్పకుండా ఊరుకుంటే అది అబద్ధం కిందికి వస్తుందా, రాదా? ఈ అనుమానం పేరిందేవిని ఎనిమిదేళ్లుగా వదల్లేదు. పప్పు ఏరుతున్నా, వత్తులు చేస్తున్నా, విష్ణు సహస్రనామం చదువుతున్నా అదే. ఒకసారి కోటప్పకొండ మీద పురాణం చెప్పే ఆయన్ని అడిగింది కూడా. "దానివల్ల ఎవరికైనా నష్టం కలిగిందా తల్లీ?" అన్నాడాయన. ఆమె ప్రసాదం కొంగున ముడివేసుకుని మెట్లు దిగి వచ్చేసింది.

ఈ కార్తీకంలో ఆ అనుమానాన్ని మళ్లీ కదిలించింది భర్త అనంతరామయ్య. ఆయన నరసరావుపేటలో లెక్కల మాస్టారు. "తెల్లవారుజామున తోకచుక్క కనిపిస్తోందట. గుంటూరు ఇంజనీరు గారు మళ్లీ కార్డు రాశారు. నువ్వు ఎలాగూ స్నానానికి లేస్తావుగా, కాస్త చూసి చెప్పు. నేను రాసిపెడతాను" అన్నాడు, మజ్జిగలో ఉప్పు వేయమన్నంత తేలిగ్గా.

ఇంజనీరు గారు పెన్షను పుచ్చుకున్న పెద్దమనిషి. ఆకాశమంటే పిచ్చి. తోకచుక్క వచ్చినప్పుడల్లా జిల్లాలో మాస్టర్లకు కార్డులు రాసి, అది ఏ రోజు ఎక్కడుందో, ఎంత వెలుగుగా ఉందో రాసి పంపమంటాడు. అవన్నీ కూర్చి, అది నడిచిన దారి గీసి, చిన్న పుస్తకం అచ్చు వేయిస్తాడు.

1940 డిసెంబరులో సాయంత్రాలు పడమటి దిక్కున ఒక తోకచుక్క కనిపించినప్పుడూ ఇంతే. అనంతరామయ్యకు రేచీకటి. ఆ సంగతి ఆయనకూ, తల్లికీ, భార్యకూ తప్ప నాలుగో మనిషికి తెలియదు. ఆయన పటం చూపించి నేర్పితే పేరిందేవి ఆకాశం చూసేది. సంధ్యాదీపం పెట్టి, అన్నం వార్చి, చంటిదాన్ని చంకనేసుకుని పెరట్లోకి వెళ్లి, రెండో చేయి చాచి, శ్రవణా నక్షత్రానికి అది ఎన్ని వేళ్ల దూరంలో ఉందో కొలిచేది. వెలుగు సంగతే ఒక పట్టాన తేలేది కాదు. నక్షత్రమేమో సూదిమొన, తోకచుక్కేమో గోడకు తగిలిన పిండిచేయి. రెంటినీ ఎట్లా పోల్చడం? ఒకనాడు అత్తగారి కళ్లద్దాలు తుడుస్తూ ఊరికే పెట్టుకుని చూసింది. నక్షత్రాలన్నీ మసకబారి తోకచుక్కలాగే అలుక్కుపోయాయి. అప్పుడు ఏది దానికి సమానమో ఇట్టే తెలిసింది. పుస్తకంలో అది "శ్రీ అనంతరామయ్యగారు కనిపెట్టిన సులువైన పద్ధతి" అని అచ్చయింది. ఆయన ఆ వాక్యాన్ని వచ్చినవాళ్లందరికీ చదివి వినిపిస్తుంటే, ఆమె వాళ్లకు కాఫీలు అందించింది. అందుకు ఆమెకు పెద్ద బాధ లేదు, అలవాటే. బాధంతా ఆ మూడు రోజులది.

ఆ నెల ఇరవైమూడున ఆమె బయట చేరింది. పెరటి పాకలో ఒక చాప, ఒక చెంబు. లెక్కలు రాసే నోటుబుక్కు ముట్టుకోకూడదు, అద్దాలు ముట్టుకోకూడదు. పొయ్యి లేదు, చాకిరీ లేదు. నెల మొత్తంలో ఆకాశం కేసి తీరిగ్గా చూడగలిగిన సాయంత్రాలు అవే. తప్పేమోనని భయపడుతూనే చూసింది. మొదటి రోజు తోకచుక్క ఉన్నట్టుండి తేటపడింది. రెండో రోజు శ్రవణం కంటే ఒక పిసరు ఎక్కువే వెలిగింది. ఆ తేడా పట్టడానికి అద్దాల అవసరమే లేకపోయింది. మూడో రోజుకు సగానికి తగ్గిపోయింది. ఒకరితో చెప్పే వీలు లేక, మూడింటినీ మనసులోనే అప్పజెప్పుకుంది.

తలంటుకుని లోపలికి వచ్చేసరికి నోటుబుక్కులో ఆ మూడు రోజుల గడులూ నిండి ఉన్నాయి.

"ఏమండీ, ఆ మూడు రోజులూ..."

"ముందటి లెక్కలు చూసి వరసలో వేసేశాను. ఆకాశంలో అన్నీ వరసగానే నడుస్తాయి. పంపించడం కూడా అయింది."

వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "ఏమే, బయటున్న దానివి ఆ పాడు చుక్కను చూశావా ఏంది? చంటిదానికేమన్నా అయితే?"

లేదత్తయ్యా అనలేదు పేరిందేవి. చూశానని కూడా అనలేదు. చెంబు తోముకుంది.

మార్చిలో ఇంజనీరు గారి అచ్చు పుస్తకం వచ్చింది. "రెంటచింతల ఉపాధ్యాయులు జయరాజుగారు ఆ మూడు దినములు చుక్క హెచ్చుగా ప్రకాశించినట్లు వ్రాసినారు. నరసరావుపేట లెక్కలతో పొసగనందున వారి లెక్కలన్నియు విడిచిపెట్టడమైనది" అని ఉంది. అనంతరామయ్య పడీ పడీ నవ్వాడు. "క్రిస్మసు పూట కిరస్తానీ మాస్టారికి చుక్క పెద్దగా కనపడక చిన్నగా కనపడుతుందా!"

ఒక ఆదివారం జయరాజే వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో గొడుగు. అరుగు అంచున నిలబడే అడిగాడు. "గొడవకి రాలేదు మాస్టారూ. ఆ మూడు రోజులూ మీరు కళ్లారా చూశారా? ఆ ఒక్క మాట చెప్పండి, చాలు."

"చూడకుండా రాస్తానటయ్యా?"

"అయితే నా కళ్లే చెడ్డాయనుకోవాల. పిల్లోళ్లు నన్ను అబద్ధాల చుక్క మాస్టారంటన్నారండీ. నేను చానా జాగ్రత్తగా చూశాను. సర్లెండి."

తలుపు వెనక పేరిందేవి గడియ మీద చేయి వేసి నిలబడి ఉంది. ఒక్క అడుగు వేస్తే సరిపోయేది. భర్త పరువు, అత్తగారి నోరు, మైల, చంటిదాని మీద భయం, అన్నీ ఆ గడపలోనే అడ్డంగా పడుకున్నాయి. గొడుగు టకటకలు వీధి మలుపు తిరిగేదాకా వింటూ ఉండిపోయింది. నష్టం ఎవరికి కలిగిందో అప్పుడే తెలుసు ఆమెకు.

అత్తగారు పోయి నాలుగేళ్లయింది. చంటిది బడికి వెళుతోంది. ఇప్పుడీ కొత్త తోకచుక్క. నాలుగు తెల్లవారుజాములు తులసికోట దగ్గర దీపం పెట్టి చూసింది. అయిదోనాడు అనంతరామయ్య కలం సిరాలో ముంచి, "ఊఁ, చెప్పు" అన్నాడు.

"రెంటచింతలకీ కార్డు రాశారా ఇంజనీరు గారు?"

"ఆయనకెందుకు? నమ్మదగిన మనిషి కాదని ఆనాడే కొట్టేశారుగా."

పేరిందేవి తర్వాత చెబుతానని లేచిపోయింది. ఆ మధ్యాహ్నం కూర్చుని గుంటూరుకు ఉత్తరం రాసింది. మూడు వాక్యాలకు మూడు కాగితాలు చించింది. చివర తన పేరు రాసి, తనే వెళ్లి డబ్బాలో వేసింది. మర్నాడు సోమవారం. మాచర్ల చెన్నకేశవస్వామి దర్శనానికని చెప్పి రైలెక్కి, దారిలోనే రెంటచింతలలో దిగింది.

జయరాజు బడి వసారాలోకి వచ్చాడు. జుట్టు నెరిసింది. చేతులకు సుద్ద. ఆమె ఎవరో చెప్పగానే ముఖం బిగిసింది.

"కూర్చోండమ్మా. మాస్టారు కులాసాయేనా?"

"ఆ మూడు సాయంత్రాల సంగతి చెప్పడానికి వచ్చానండీ. మీరేం రాశారో చెప్పకండి. ముందు నన్ను చెప్పనివ్వండి." ఊపిరి తీసుకుని ఒక్కొక్కటే చెప్పింది. "ఇరవైమూడున బాగా తేటపడింది. ఇరవైనాలుగున శ్రవణం కంటే ఒక పిసరు ఎక్కువ. ఇరవైఅయిదున సగానికి సగం పడిపోయింది."

అతను లోపలికి వెళ్లి పాత నోటుబుక్కు తెచ్చాడు. పేజీ తీసి ఆమె వైపు తిప్పాడు. ఇరవైనాలుగో తేదీ ఎదురుగా, "శ్రవణము కంటె పిసరంత హెచ్చు" అని ఉంది.

"మాస్టారు చూసి చెప్పారా?"

"ఆయనకు రేచీకటండీ. అన్ని రోజులూ చూసింది నేను. ఆ మూడు గడులూ మాత్రం చూడకుండా నింపారు. మీరు వచ్చిన రోజు తలుపు వెనకాలే ఉన్నాను."

జయరాజు నోటుబుక్కు మూసి, అట్ట మీద అంటిన సుద్ద తుడిచాడు. కోపపడితే బాగుండుననిపించింది ఆమెకు. "ఎనిమిదేళ్లమ్మా," అన్నాడు చివరకు. "చీకటి పడితే తలెత్తి చూడటమే మానేశాను. చూసి మళ్లీ ఏం అబద్ధమాడతానోనని."

ఆమె తల వంచుకుంది. "గుంటూరుకూ ఇదే రాశాను. నా పేరుతోనే."

"మాస్టారికి తెలుసా?"

"సాయంత్రం బండికి వెళ్లి చెబుతాను."

వసారా మెట్టు దిగుతుంటే అతను వెనక నుంచి అడిగాడు. "తెల్లారగట్ట ఏదో చుక్క వచ్చిందంటన్నారు. ఎట్టా ఉందమ్మా?"

పేరిందేవి చెప్పబోయి ఆగింది.

"నేను చెప్పనండీ," అంది. "రేపు మీరే లేచి చూడండి."