మోకాలు కాదు

వార్మప్ హాల్లో పరచిన మెత్తటి పరుపు మీద ఆమె చతికిలబడింది. ఒలింపిక్స్‌లో ఆమెకన్నా ఎక్కువ పతకాలు గెలిచిన జిమ్నాస్టు ఇంకా పుట్టలేదని పత్రికల మాట. కాసేపట్లో వాల్ట్ ఫైనల్. పరుగెత్తుకొచ్చి, బల్ల మీద చేతులానించి, గాల్లో పల్టీలు కొట్టి నిలబడాలి. పొద్దున ప్రాక్టీసులో ఆ పల్టీ మధ్యలోనే దారి తప్పి వీపు మీద పడింది.

"భయమా?" అడిగాడు కోచ్. పలకా బలపం వయసు నుంచి ఆమెకు నేర్పినవాడు.

"భయం కాదు మాస్టారూ. పైకి లేచాక నేల ఎటుందో తెలియట్లేదు."

"ఎటుంటుందే? కిందే ఉంటుంది!"

ఆమె తల పట్టుకుంది. పొద్దున్నుంచి ఇదే వరస. టీమ్ మేనేజరు నీళ్లు తక్కువ తాగావన్నాడు. అమ్మ ఫోన్ చేసి, "సరిగ్గా పడుకున్నావా తల్లీ, దిండు ఎత్తుగా ఉందా?" అంది. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది తప్ప ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

"మీ ఇంటి గుమ్మం మీకు తెలుసు కదా? కళ్లకు గంతలు కట్టి గిరగిరా తిప్పి వదిలితే దొరుకుతుందా? అక్కడైతే తడుముకోవడానికి గోడైనా ఉంటుంది. గాల్లో నాకేముంది? మెడ మీద పడితే మళ్లీ లేవను."

కోచ్ ఆమె వీపు మీద కమిలిన మచ్చను చూశాడు. "సరే, పోటీకి దిగకు," అన్నాడు.

మేనేజరు మాత్రం కట్టు గుడ్డ చుట్ట పట్టుకుని ఉరికొచ్చాడు. "పత్రికలవాళ్లతో మోకాలు నొప్పి అందామమ్మా. నువ్వు చెప్పేది దేవుడికి కూడా అర్థం కాదు. ఏ కాలు?"

"మీ ఇష్టం. రెండూ నావే."

"ఎడమది కట్టు," అన్నాడు కోచ్. "కుడిది బ్రహ్మాండంగా ఉందని మొన్న టీవీలో చెప్పింది."

మేనేజరు కట్టు చుడుతూ ఉంటే ఆమెకు ఎవరో గుర్తొచ్చారు.

"మాస్టారూ, మన సీనియర్ అక్క కూడా మోకాలనే కదా ఆట మానేసింది? నిజంగా మోకాలేనా?"

కోచ్ పైకప్పు వైపు చూశాడు. "దానికీ ఇదే వచ్చింది. ఒళ్లు బద్ధకమని అరిచాను. అది మానేసి పోతుంటే మోకాలని చెప్పమన్నదీ నేనే. అప్పట్లో నాకేం తెలుసు?"

ఆమె ఒక్క క్షణం ఆయన్నే చూసింది. తర్వాత కట్టు విప్పి మేనేజరు చేతిలో పెట్టింది.

"అమ్మా, బెదిరిపోయిందని రాస్తారు!"

"రాసుకోనివ్వండి."

తలుపు దగ్గర విలేకరి మైకు చాచాడు. "మోకాలా మేడమ్?"

"కాదు."

"మరి భయమా?"

ఆమె గుండెల నిండా గాలి పీల్చి వదిలింది. "అదీ కాదు నాయనా. ఓపికుంటే అలా కూర్చో. మొదట్నుంచీ చెబుతాను. నీళ్లు తాగావా, నిద్రపోయావా అని మాత్రం మధ్యలో అడగకు."